మూడు నీళ్లకు మూడు దారులు
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: అమ్మా, విజయనగరం శివార్లలో మాకు చిన్న ప్లేటింగ్ షెడ్డు ఉంది. పన్నెండు మంది పనిచేస్తారు. మోటారు సైకిల్ భాగాలకు, తలుపు గడియలకు నికెల్ వేసి దానిమీద క్రోమ్ వేస్తాం. నట్లకు, బోల్టులకు జింకు వేస్తాం. జింకు తొట్టి సైనైడు రకం. కడిగిన నీళ్లన్నీ నేల కాలువ గుండా ఒకే గుంటలోకి వస్తాయి. అందులో సున్నం, పటిక వేసి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.5 దగ్గర ఉంచుతాం. మడ్డి బాగా దిగుతుంది. పైనీరు తేటగానే ఉంటుంది, కొంచెం పసుపు ఛాయ తప్ప. అయినా పరీక్షలో హెక్సావలెంట్ క్రోమియం (క్రోమియంలోని విషపు రూపం) లీటరుకు 14 మిల్లీగ్రాములు, నికెల్ 8 మిల్లీగ్రాములు వచ్చాయి. సైనైడు కూడా ఎక్కువే ఉంది. జింకు ఒక్కటే సరిపోయింది. సున్నం పెంచమంటారా?
– ఒక షెడ్డు యజమాని, విజయనగరం

జవాబు: సున్నం సంగతి తర్వాత. బాబూ, ముందు ఒక పని ఈ రోజే చేయండి. ఇనుము తుప్పు తీసే ఆమ్లపు తొట్టి లేకుండా జింకు పని జరగదు. అంటే మీ షెడ్డులో ఆమ్లం కడిగిన నీరు, సైనైడు కడిగిన నీరు ఒకే కాలువలో పారుతున్నాయి. సైనైడుకు ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సైనైడు వాయువు పుడుతుంది. ఆ వాసనను అందరి ముక్కూ పసిగట్టలేదు. పసిగట్టినా తప్పించుకునే వ్యవధి ఉంటుందన్న నమ్మకం లేదు. ఇంతవరకు ఏమీ జరగలేదంటే నీళ్లు పలచగా ఉండటం వల్ల, గుంటలో సున్నం ఉండటం వల్ల. ఎవరో ఒకనాటి సాయంత్రం పాతబడ్డ ఆమ్లాన్ని తొట్టెడు ఒక్కసారిగా కాలువలోకి వదిలితే చాలు. సైనైడు నీటికి విడిగా గొట్టం, విడిగా మూతతొట్టి పెట్టేదాకా జింకు లైను ఆపండి. నష్టం వస్తుందని తెలిసే ఆపమంటున్నాను.

ఇక మీరు అడిగినది. విశాఖపట్నంలో ఒక కర్మాగారం వ్యర్థజలాల విభాగంలో ఇరవై ఏడేళ్లు పరీక్షలు చేశాను. చేరిన కొత్తలో ఒకరోజు శుద్ధి చేసిన నీటిని గాజు గొట్టంలో పట్టి, వెలుతురుకు ఎత్తి చూసి, బాగుందని రిజిస్టరులో రాశాను. మా పెద్ద కెమిస్టు ఏమీ అనకుండా అదే నీటిలో కొంచెం ఆమ్లం, నాలుగు చుక్కలు డైఫినైల్ కార్బజైడ్ వేశారు. మంచినీళ్లలా ఉన్న ఆ నీరు చూస్తుండగానే ఊదారంగుకు తిరిగింది. హెక్సావలెంట్ క్రోమియం ఉందని చెప్పే పరీక్ష అది. ఎలక్ట్రోప్లేటింగ్ పరిశ్రమ బయటికి వదిలే నీటిలో దానికి మన దేశంలో ఉన్న పరిమితి లీటరుకు 0.1 మిల్లీగ్రాము. అంత కొద్ది క్రోమియానికి నీటిలో ఏ రంగూ కనిపించదు. మీ నీటిలో పసుపు ఛాయ కంటికి కనిపిస్తోందంటేనే పరిమితిని ఎంతో దాటిపోయిందని అర్థం.

ఈ హెక్సావలెంట్ క్రోమియాన్ని సున్నం దించలేదు. ఎంత వేసినా అది క్రోమేటుగా నీటిలో కరిగే ఉంటుంది. దాన్ని ముందు ట్రైవలెంట్ క్రోమియంగా మార్చాలి. అది మాత్రమే సున్నానికి లొంగి మడ్డిగా కిందికి దిగుతుంది. క్రోమ్ కడిగిన నీటిని విడిగా ఒక ప్లాస్టిక్ తొట్టిలో పట్టి, గంధకామ్లంతో పీహెచ్ 2, 2.5 మధ్యకు తెచ్చి, సోడియం మెటాబైసల్ఫైట్ కలుపుతూ తిప్పండి. నారింజ పసుపు రంగు పోయి ఆకుపచ్చ వస్తుంది. పీహెచ్ 3 దాటితే ఈ మార్పు నత్తనడక నడుస్తుంది. పనివాళ్లు అరగంటకే ఇక అయిపోయిందని కట్టేస్తారు, లోపల మాత్రం సగం క్రోమియం అలాగే మిగిలి ఉంటుంది. ఆక్సీకరణ శక్తిని కొలిచే మీటరు ఉంటే ఓఆర్‌పీ 250 మిల్లీవోల్టుల ప్రాంతానికి పడిందా చూడండి. లేకపోతే డైఫినైల్ కార్బజైడ్ చుక్కలతో చూడండి. ఊదా ఛాయ రాకపోతేనే సున్నం లేదా కాస్టిక్ సోడా వేసి 8, 8.5 మధ్యకు తీసుకురండి. అంతకు మించి బాగా పైకి పోతే దిగిన క్రోమియం హైడ్రాక్సైడు మళ్లీ కరగడం మొదలవుతుంది. మెటాబైసల్ఫైట్ ఆమ్లంలో పడగానే ఘాటైన గంధకపు పొగ వస్తుంది కాబట్టి ఈ తొట్టి గాలి ఆడే చోట, ఫ్యాను కింద ఉండాలి.

చవక అని అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) వాడేవాళ్లూ ఉన్నారు. పని జరుగుతుంది. కానీ ఒక పాలు క్రోమియానికి పదహారు పాళ్ల అన్నభేది కావాలి. మెటాబైసల్ఫైట్ అయితే మూడు పాళ్లు సరిపోతుంది. పైగా అన్నభేదిలోని ఇనుమంతా క్రోమియంతో పాటు మడ్డిగా దిగి, మడ్డి నాలుగింతలవుతుంది. ఆ మడ్డిని డబ్బిచ్చి పంపాల్సింది మీరే. దానికి తోడు ఇనుము సైనైడుతో కలిస్తే ఫెర్రోసైనైడు అవుతుంది. అది సైనైడును విరిచే హైపోక్లోరైట్‌కు లొంగదు. మీ షెడ్డులో అన్నభేది సంచి ఉండకపోవడమే మంచిది.

సైనైడు నీటికి దారి పూర్తిగా వేరు. అక్కడ ఆమ్లం ఊసే ఉండకూడదు. కాస్టిక్ వేసి పీహెచ్ 10.5 పైన నిలిపి సోడియం హైపోక్లోరైట్ కలపాలి. 10 కంటే తగ్గితే సైనోజెన్ క్లోరైడ్ అనే ఇంకో విషవాయువు వచ్చే ప్రమాదం ఉంది. సైనైడు సైనేటుగా మారాక పీహెచ్ 8.5 దగ్గరికి దించి ఇంకొంత హైపోక్లోరైట్ వేస్తే నత్రజని, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. స్టార్చ్ అయొడైడ్ కాగితం ముంచితే నీలంగా మారాలి. అప్పుడే క్లోరిన్ చాలినంత పడిందని లెక్క. ఆ మిగులు క్లోరిన్‌ను చిటికెడు మెటాబైసల్ఫైట్‌తో చంపకుండా ఈ నీటిని క్రోమ్ మడ్డి ఉన్న తొట్టిలో కలపకండి. క్షారంలో ఉన్న క్లోరిన్ ట్రైవలెంట్ క్రోమియాన్ని మళ్లీ హెక్సావలెంట్‌గా మార్చగలదు. పొద్దుటి నుంచి పడ్డ శ్రమ సాయంత్రానికి వెనక్కి పోతుంది.

మూడో దారి నికెల్, ఆమ్లం, జిడ్డు తీసే క్లీనర్ నీళ్లది. మీ నికెల్ 8 మిల్లీగ్రాముల దగ్గర ఎందుకు ఆగిందో ఇప్పుడు చూద్దాం. దానికి పరిమితి 3. జింకు పీహెచ్ 9 చుట్టుపక్కల చక్కగా దిగుతుంది. మీ జింకు సరిపోయింది అందుకే. నికెల్ బాగా దిగాలంటే 10, 10.5 మధ్య కావాలి. మీరు 8.5 దగ్గరే ఆపుతున్నారు. ఇంకో కారణం అంతకంటే గట్టిది. ఒకే గుంటలో నికెల్‌కు సైనైడు తగులుతోంది. సైనైడు నికెల్‌ను ఒకసారి పట్టుకుంటే సున్నం విడదీయలేదు, హైపోక్లోరైట్ కూడా చాలాసేపు తంటాలు పడాలి. విడి గొట్టాలు పెట్టిన నాడు ఈ చిక్కు దానంతట అదే పోతుంది. నికెల్ మడ్డి దిగిన తర్వాత పైనీటిని వేరే తొట్టిలోకి తీసి, అప్పుడు ఆమ్లంతో 9 లోపుకు తేవాలి. మడ్డి ఉన్న తొట్టిలోనే ఆమ్లం పోస్తే దిగిన నికెల్ మళ్లీ నీటిలోకి వస్తుంది. ఈ ఒక్క పొరపాటు నేను చూసినన్ని చోట్ల ఇంకే పొరపాటూ చూడలేదు.

మీరు ఉత్తరం చివర ఇంకో మాట రాశారు: కొన్ని రోజులు ఫలితాలు బాగుంటాయి, కొన్ని రోజులు చెడిపోతాయి అని. ఆ చెడిపోయిన రోజుల తేదీలు తీసి, పాత క్లీనర్ తొట్టిని ఎప్పుడెప్పుడు పారబోశారో పక్కన రాసి చూడండి. చాలా క్లీనర్లలో ఈడీటీఏ, గ్లూకొనేట్ వంటివి ఉంటాయి. ఇవి లోహాన్ని నీటిలోనే పట్టి ఉంచుతాయి. పాత తొట్టి నీటిని డ్రమ్ములో దాచి, రోజుకు కొద్దికొద్దిగా కలపాలి తప్ప ఒకేసారి వదలకూడదు.

ఇదంతా చేసే ముందు, అసలు ఇంత లోహం నీటిలోకి ఎందుకు పోతోందో చూడండి. క్రోమ్ తొట్టిలో లీటరుకు 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం ఉందనుకుందాం. అందులో క్రోమియం 130 గ్రాములు. తొట్టిలోంచి తీసిన వస్తువులకు అంటుకుని ఒక్క లీటరు ద్రవం కడుగునీటిలోకి జారితే, దాన్ని 0.1 మిల్లీగ్రాముకు పలచన చేయడానికి 13 లక్షల లీటర్ల నీళ్లు కావాలి. పలచన చేసి వదలడం శుద్ధి కిందికి రాదు, అది వేరే మాట. కానీ ఆ లీటరు విలువ ఎంతో ఈ లెక్క చెబుతుంది. వస్తువులు తగిలించిన ర్యాకును తొట్టిమీద ఇంకో పది సెకన్లు వేలాడదీస్తే ఆ లీటరులో చాలా భాగం తిరిగి తొట్టిలోకే కారుతుంది. తొట్టికీ కడిగే తొట్టికీ మధ్య వాలుగా ఒక ప్లాస్టిక్ రేకు పెట్టండి. మొదటి కడుగు తొట్టిలో పారే నీరు కాకుండా నిలవనీరు ఉంచి, వేడికి క్రోమ్ తొట్టి, నికెల్ తొట్టి తగ్గినప్పుడల్లా దేని కడుగునీటిని దాని తొట్టిలోనే పోయండి. ఆ తర్వాతి కడుగు తొట్లను రెండు చేసి, వస్తువు నడిచే వైపుకు ఎదురుగా నీరు నడిచేలా కలపండి. ఒకే తొట్టిలో వెయ్యింతలు పలచన కావడానికి వెయ్యి లీటర్లు పట్టే చోట, ఎదురునడక రెండు తొట్లకు సుమారు 32 లీటర్లు, మూడు తొట్లకు 10 లీటర్లు సరిపోతాయి. మీ అంత షెడ్డుకు అప్పుడు రోజంతా నీళ్లు పట్టి సాయంత్రం తొట్టి తొట్టిగా శుద్ధి చేసుకోవడం సాధ్యమవుతుంది. పారే నీటిని పారుతుండగా శుద్ధి చేయడం కంటే అదే నయం. పరీక్ష చూసుకున్నాకే వదలవచ్చు.

వీలు చూసుకుని జింకును సైనైడు లేని తొట్టికి, క్రోమ్‌ను ట్రైవలెంట్ తొట్టికి మార్చండి. రెండూ ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి.

ప్రశ్న: మేడం, మా తమ్ముడు రెండేళ్లుగా క్రోమ్ తొట్టి దగ్గర పనిచేస్తున్నాడు. తరచూ ముక్కు నుంచి రక్తం వస్తోంది. వేళ్ల మీద చిన్న గుంటల్లా పుళ్లు పడ్డాయి, నొప్పి లేదంటాడు. వేడి చేసిందని మజ్జిగ తాగుతున్నాడు. ఇది పని వల్లనేనా?
– ఒక అక్క, చీపురుపల్లి

జవాబు: అమ్మా, మజ్జిగ తాగితే తాగనివ్వండి, కానీ ఈ వారంలోనే చెవి ముక్కు గొంతు వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. తొట్టిలో కరెంటు నడుస్తున్నప్పుడు బుడగలు పేలి క్రోమిక్ ఆమ్లం సన్నని తుంపరగా గాలిలోకి లేస్తుంది. అది ముక్కు లోపలి అడ్డుగోడను తినేస్తుంది. పట్టించుకోకపోతే రంధ్రం పడుతుంది. నొప్పిలేని గుండ్రటి పుళ్లు కూడా క్రోమియం పుళ్ల లక్షణమే. వైద్యులతో మొదటి మాటగా "క్రోమ్ ప్లేటింగ్ పని" అని చెప్పండి. ఆ మాట చెప్పకపోతే వాళ్లు మామూలు ముక్కు రక్తానికే మందు రాసే అవకాశం ఉంది. తమ్ముడికి ఈఎస్ఐ ఉంటే కార్డు వెంట తీసుకెళ్లండి.

హెక్సావలెంట్ క్రోమియం మనుషుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి, మొదటి వర్గంలో చేర్చింది. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు ఇది రాస్తున్నది. తొట్టి అంచున గాలిని లాగే గొట్టం, తుంపర లేవకుండా తొట్టిలో కలిపే ద్రావణం, మోచేతి దాకా రబ్బరు తొడుగులు అడగడానికి తమ్ముడికి ఒక గట్టి ఆధారం ఉండాలని రాస్తున్నాను. యజమాని ఇవ్వకపోతే ఆ పని మానడమే నా సలహా. పనిబట్టలు ఇంట్లో అందరి బట్టలతో కలిపి ఉతకవద్దు. షెడ్డులో బీడీ ముట్టించకూడదు, టిఫిను డబ్బా విప్పకూడదు.

ప్రశ్న: మడ్డిలోని నీళ్లు పిండే మా ఫిల్టర్ ప్రెస్ నుంచి వచ్చే ఆకుపచ్చ మడ్డి ఎండాక గట్టిగా బిళ్లలా ఉంటుంది. దగ్గర్లో ఇటుక బట్టీ వాళ్లు ఊరికే తీసుకెళతామంటున్నారు. ఇవ్వవచ్చా?
– ఒక సూపర్‌వైజర్, బొబ్బిలి

జవాబు: ఇవ్వకూడదు. మీరు కష్టపడి ట్రైవలెంట్‌గా మార్చి దించిన క్రోమియం, సున్నంతో కలిసి బట్టీ వేడిలో కాలితే మళ్లీ హెక్సావలెంట్ కావచ్చు. ఆ ఇటుక ఎవరి ఇంటి గోడలో చేరుతుందో, ఏ వానకు ఏం కారుతుందో మీరు చూడలేరు. ప్లేటింగ్ మడ్డి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. సాధారణంగా 90 రోజులకు మించి ఆవరణలో ఉంచకూడదు. అనుమతి ఉన్న చోటికే, చీటీ రాసి పంపాలి. మన ఉత్తరాంధ్రకు పరవాడ దగ్గర అలాంటి పూడ్పు కేంద్రం ఉంది.

ఆ 90 రోజులూ దాన్ని ఎక్కడ ఉంచుతున్నారన్నది నా అసలు బెంగ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేము మడ్డి సంచులు పెట్టిన షెడ్డు రేకులు లేచిపోయాయి. వాన సంచుల మీదే కురిసింది. సంచులు చెక్కబల్లల మీద ఎత్తుగా ఉండటం, చుట్టూ మోకాలెత్తు గట్టు కట్టి ఉండటం మమ్మల్ని కాపాడాయి. కారిన నీరంతా గట్టు లోపలే గుంటలో నిలిచింది. కరెంటు వచ్చాక ఎనిమిది రోజులు ఆ నీటినే శుద్ధి చేశాం. నాలుగేళ్లకు తిత్లీ తుపాను పలాస వైపు వచ్చినప్పుడు ఆ గట్టే గుర్తొచ్చింది. మన జిల్లాల్లో అక్టోబరు ఎలా ఉంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు. సెప్టెంబరు లోపల మడ్డి పంపించేయండి. గట్టు లేకపోతే ముందు గట్టు కట్టండి.

ప్రశ్న: మా ప్రాంతంలో జీడిపప్పు తొక్కలు, కొబ్బరి చిప్పలు కుప్పలుగా పడి ఉంటాయి. వీటి బొగ్గు లోహాలను పీల్చుకుంటుందని చదివాను. గుర్రపుడెక్క మొక్క కూడా పీల్చుకుంటుందట. రసాయనాలు లేకుండా వీటితోనే శుద్ధి చేయలేమా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: చదివింది నిజమే. కొబ్బరి చిప్పతో చేసిన యాక్టివేటెడ్ కార్బన్ మేలు రకం. ఆమ్లపు నీటిలో అది హెక్సావలెంట్ క్రోమియాన్ని పట్టుకుంటుంది, కొంత మారుస్తుంది కూడా. అయితే పొయ్యిలో కాల్చిన మామూలు బొగ్గు యాక్టివేటెడ్ కార్బన్ కాదు. అది ఆవిరితోనో రసాయనంతోనో లోపల సన్నని రంధ్రాలు తెరిచిన బొగ్గు. జీడి తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుందని పలాస వారికి నేను చెప్పనక్కర్లేదు. ఆ నూనె తీయకుండా కాల్చడం ఇంకో బాధ.

అసలు అడ్డంకి లెక్కలో ఉంది. గ్రాము కార్బన్ 20 మిల్లీగ్రాముల క్రోమియం పట్టుకుంటుందనుకోండి. పైన విజయనగరం వారికి చెప్పిన ఒక్క లీటరు తొట్టి ద్రవానికే ఆరున్నర కిలోల కార్బన్ కావాలి. అందుకే దీన్ని మొదట వాడరు. సున్నంతో దించాల్సింది దించేశాక మిగిలిన ఆ కాస్తను పట్టడానికి చివర్లో వాడతారు. అక్కడ మీ కొబ్బరి చిప్పకు మంచి చోటుంది. గుర్రపుడెక్క కూడా అంతే. లోహం పీల్చిన మొక్కను ఎవరైనా ఎరువులో వేస్తే, పశువు మేస్తే పీల్చినదంతా తిరిగి వస్తుంది. ఆ మొక్కనూ, వాడిన కార్బన్‌నూ బొబ్బిలి వారి మడ్డిలాగే చూడాలి. ఈ షరతుకు ఒప్పుకుంటే మీ ఆలోచన నాకు ఇష్టమే.

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. లోహాన్ని నీటి నుంచి ఎలా తీస్తారో మా సైన్స్ ఫెయిర్‌లో చూపించాలని ఉంది. క్రోమియం వాడవద్దని మా సారు అన్నారు. ఏం చేయను?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: మీ సారు మాటే సరైనది, తల్లీ. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) తీసుకో. సగం గ్లాసు నీటిలో చిటికెడు చాలు, లేత నీలం వస్తుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు పెట్టుకుని, తేరిన సున్నపు నీటిని కొద్దికొద్దిగా పోస్తూ గాజు కడ్డీతో తిప్పు. నీలిరంగు మబ్బులా విరిగి, అరగంటలో అడుగుకు దిగుతుంది. అది రాగి హైడ్రాక్సైడు. పైనీరు రంగు పోగొట్టుకుంటుంది. ఇదే ప్లేటింగ్ షెడ్డుల్లో జరిగే పని.

ఇప్పుడు ఆ మడ్డి కొంచెం వేరే గ్లాసులోకి తీసి, మీ సారును కిటికీ దగ్గర అమోనియా ద్రావణం కొన్ని చుక్కలు వేయమను. ఘాటైనది, నువ్వు వేయకు. దిగిన మడ్డి కరిగిపోయి ముదురు నీలం ద్రావణం వస్తుంది. చూసేవాళ్లను అక్కడ ఆపి, పైన విజయనగరం వారి షెడ్డులో క్లీనర్ నీళ్లు కలిసిన రోజున నికెల్ ఎందుకు దిగలేదో అడుగు. చాలామందికి అప్పుడే అర్థమవుతుంది.

అయిపోయాక ఆ గ్లాసులను కుళాయి కింద కడగకు. అంతా ఒక సీసాలో పోసి, మూత బిగించి, "రాగి వ్యర్థం" అని రాసి, తేదీ వేసి ప్రయోగశాలలో సారుకు అప్పగించు.